చర్ఖీ మీది పేరు, చర్ఖీ లోపలి పేరు



ఇత్తడి కిలో లెక్కన పోతుంది. కబాడీ వాడికి ఉగాల్‌దాన్ అయినా, పగిలిన లోటా అయినా, వంద ఏళ్ళ కిందట ఇంగ్లండులో తయారైన చేపల చర్ఖీ అయినా ఒకటే. కాంటాలో పడేస్తాడు, లెక్క చెప్తాడు, సంచిలో వేసుకుని పోతాడు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ దిక్కు పాత ఇళ్ళు కూల్చి కొత్తవి కడుతున్నప్పుడల్లా అటకల మీది సందూకులు దిగుతున్నాయి. సుర్మాదానీని గుర్తుపడతాం. పాన్‌దాన్‌ను గుర్తుపడతాం. ఆగిపోయిన జేబు గడియారాన్ని కూడా దాదా నిషానీ అని దాచుకుంటాం. అరచేతి వెడల్పున గుండ్రంగా, పక్కన చిన్న పిడి ఉండి, తిప్పితే కిర్రుమనే ముక్క కనబడితే మాత్రం ఇదేం పుర్జానో అర్థం కాక పక్కన పెడతాం. ఆ పక్కన పెట్టినదాని గురించే ఈ మజ్‌మూన్.

ముందు మాట సంగతి. ఫార్సీలో చర్ఖ్ అంటే చక్రం. ఆకాశం కూడా చర్ఖే, అది తిరుగుతుందని అనుకునేవాళ్ళు కాబట్టి. రాట్నం చర్ఖా అయింది, హైదరాబాద్ పిల్లల చేతిలో పతంగి మాంజా చుట్టేది చరఖ్ అయింది, గాలపు కర్రకు బిగించే చిన్న చక్రం చర్ఖీ అయింది. గాలానికి ఫార్సీ మాట శస్త్. విలుకాడు బొటనవేలికి తొడుక్కునే ఉంగరం కూడా శస్తే, అందుకే ఉర్దూలో గురి పెట్టడాన్ని శిస్త్ బాంధ్‌నా అంటారు. గాలం, గురి ఒకే మాటలో ఉండడం నాకు ఎప్పుడూ ముచ్చటగానే అనిపిస్తుంది.

కృష్ణా ఒడ్డున పుట్టి వేసుకుని బతికిన బెస్తవాళ్ళకు, ముదిరాజులకు చర్ఖీతో పనే లేదు. వాళ్ళకు వల ఉంది, చేతిదారం ఉంది, నీళ్ళు ఎక్కడ ఎంత లోతో తెలిసిన కన్ను ఉంది. చర్ఖీ అవసరమయ్యేది దూరం నుంచి కర్రతో పట్టేవాడికి. పెద్ద చేప గాలం మింగి పరుగు తీసినప్పుడు దారం వదలాలి, అలిసినప్పుడు చుట్టాలి. ఆ వదలడానికీ చుట్టడానికీ పుట్టిన యంత్రం ఇది. చైనా ముసవ్విర్ మా యువాన్ సుమారు 1195లో గీసిన ఒక తస్వీరులో, చలికాలపు సరస్సు మీద పడవలో కూర్చున్న మనిషి కర్రకు చక్రం స్పష్టంగా కనిపిస్తుంది. ఆ తస్వీరు ఇప్పుడు టోక్యో మ్యూజియంలో ఉంది. ఇంగ్లండు పుస్తకాల్లో దీని జికర్ 1651లో థామస్ బార్కర్ రాసిన కితాబుతో మొదలవుతుంది. అంటే ఇది ఫిరంగీల ఈజాద్ కాదు. దాన్ని ఇత్తడిలో పోసి, పేరు కొట్టి, డబ్బాలో పెట్టి దునియా అంతా అమ్మింది మాత్రం వాళ్ళే.

మన దిక్కు ఎట్లా వచ్చిందంటే, నక్షా చూస్తే చాలావరకు తెలుస్తుంది. గద్వాల ఉన్నది నడిగడ్డ, ఉత్తరాన కృష్ణ, దక్షిణాన తుంగభద్ర. తుంగభద్ర దాటితే కర్నూలు. 1839లో కంపెనీ వాళ్ళు అక్కడి నవాబ్ గులాం రసూల్ ఖాన్‌ను హథియార్లు పోగు చేస్తున్నాడన్న ఇల్జామ్‌తో గద్దె దించారు. కిలాలో దొరికిన తోపులు, మందుగుండు చూసి దంగయ్యారట. లోహం పోసే ఉస్తాదులకు ఈ ఇలాఖాలో కొదవ లేదనడానికి ఇంతకంటే గవాహీ అక్కర్లేదు. ఆ తర్వాత కర్నూలు మద్రాసు ప్రెసిడెన్సీలోకి పోయింది. 1860లలో మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ రాజోలికి ఎదురుగా సుంకేసుల దగ్గర తుంగభద్ర మీద ఆనకట్ట కట్టి కడప దాకా కాలువ తవ్వింది. ఇంజనీర్లు, ఓవర్సీర్లు నదీ తీరంలో ఏళ్ళ తరబడి మకాం వేశారు. చర్ఖీలు అమ్మే దుకాణాలకు ఇట్లాంటి వాళ్ళే గిరాకీ.

అదే కాలంలో మద్రాసు సివిల్ సర్వీసులో ఉన్న హెన్రీ సల్లివన్ థామస్ 1873లో ‘ది రాడ్ ఇన్ ఇండియా’ రాశాడు, 1887లో చెరువుల్లో గాలం వేయడం మీద ఇంకో కితాబు రాశాడు. మన నదుల చేపలను కర్రతో పట్టాలనుకున్న ప్రతి సాహెబుకూ ఆ మొదటి పుస్తకం రహ్‌నుమా అయింది. వాళ్ళ తలాష్ అంతా మహసీర్ కోసం. ఆ పేరు మాహీ, షేర్ కలిసి అయిందని కొందరు, పెద్ద తల గలది కాబట్టి మహాశిరస్సు అని కొందరు అంటారు. ఈ ఝగడా ఇంకా తెగలేదు. దక్కన్ మహసీర్‌కు 1839లో సైక్స్ పూనా దగ్గరి నదిలో చూసి శాస్త్రీయమైన పేరు పెట్టాడు. కృష్ణా నీళ్ళ చేప అది. రాళ్ళ మీద పారే నీరు కావాలి దానికి.

ఇటు నిజాం ఇలాఖాలో కథ వేరు. నాగర్‌కర్నూల్ దిక్కు అమ్రాబాద్ గుట్టల మీద ఫరహాబాద్ నిజాముల షికార్‌గాహ్. ఫరహ్ అంటే ఖుషీ. సాలిం అలీ 1930ల మొదట్లో హైదరాబాద్ రియాసత్ పక్షుల సర్వే చేసినప్పుడు అక్కడా మకాం వేశారు. గద్వాల, వనపర్తి, కొల్లాపూర్ రాజధానిగా జటప్రోలు, ఆత్మకూర్ రాజధానిగా అమరచింత, ఇవన్నీ సంస్థానాలు. (వనపర్తి రాజా ఫౌజ్‌లోని హబ్షీ సిపాయిలు నిజాంకు పోయి, హైదరాబాద్‌లో ఏసీ గార్డ్స్ మొహల్లాకు పేరు ఇచ్చారన్నది ఈ బ్లాగు చదివేవాళ్ళకు కొత్త కాదు.) షికార్ షౌక్ రాజులకు ఉంది, తాలూక్దార్లకు ఉంది, మొహత్మీమ్‌లకు ఉంది. పులి షికార్‌కు ఇజాజత్ కావాలి, ఏనుగు కావాలి, మంది కావాలి. చేప షికార్‌కు ఒక కర్ర, ఒక చర్ఖీ, జుమ్మా నమాజ్ తర్వాత ఖాళీగా ఉన్న ఒక మధ్యాహ్నం చాలు. పైగా చేపకు జబహ్ అక్కర్లేదు. నీటి షికార్ హలాల్ అని సూరా మాయిదా చెప్పింది. అందుకే మన ఖాందాన్లలో తుపాకీ ముట్టని బుజుర్గుల చేతిలో కూడా గాలపు కర్ర కనిపించేది.

చేపల మీద ఇల్మీ పని కూడా మనవాళ్ళు చేశారు. 1940లలో ఎం. రహీముల్లా హైదరాబాద్ రియాసత్ చేపల సర్వే రాసి బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ జర్నల్‌లో అచ్చు వేయించారు. సాలిం అలీ పేరు బడి పుస్తకాల్లోకి ఎక్కింది. రహీముల్లా పేరు చేపల మీద పీహెచ్‌డీ చేసేవాళ్ళకు తప్ప ఎవరికీ తెలియదు.

ఇప్పుడు అసలు సంగతి. మీ చేతికి ఒక చర్ఖీ వచ్చిందనుకోండి. దాని మీద పేరుంటే బనానేవాడు దొరికినట్టే అనుకుంటాం. కాదు. పాత చర్ఖీల మీది పేర్లలో చాలా భాగం దుకాణదార్లవి. కలకత్తా మాంటన్ కంపెనీ తుపాకుల దుకాణం. దాని పేరు కొట్టిన చర్ఖీలు హిందుస్తాన్‌లో కనిపిస్తాయి. బొంబాయిలో, కలకత్తాలో శాఖలు పెట్టి సాహెబులకు సూది నుంచి డేరా దాకా అమ్మిన ఆర్మీ అండ్ నేవీ సొసైటీ ఇంకో అడుగు ముందుకు వేసి, తన పేరు పక్కన ‘మేకర్స్’ అని కూడా కొట్టించుకునేది. ఆ చర్ఖీలను పోసింది, చిత్రిక పట్టింది, పళ్ళు కోసింది మాత్రం బర్మింగ్‌హాం, రెడ్డిచ్ కార్ఖానాల్లో పనిచేసిన కారీగర్లు. దుకాణం పేరు కొనేవాడి కోసం. బనానేవాడిని పట్టుకోవాలంటే పేరు వదిలి పని చూడాలి: పాదం ఎట్లా మలిచారు, స్తంభాలు ఎన్ని, పిడి దేనితో చేశారు, లోపలి ఖట్కా ఏ ఆకారంలో ఉంది. దుకాణాల పేర్లు మారినా కార్ఖానా చెయ్యి మారదు. ఖుష్‌నవీస్ దస్తఖత్ చేయకపోయినా రాత చూసి పోల్చినట్టే ఇది.

పేరున్న వాళ్ళలో మొదట చెప్పాల్సింది హార్డీ. ఉత్తర ఇంగ్లండులోని ఆన్విక్ అనే చిన్న ఊర్లో విలియం హార్డీ 1872లో తుపాకుల మరమ్మత్ దుకాణం పెట్టాడు, తర్వాత తమ్ముడు జాన్ జేమ్స్ కలిశాడు. ఊరి సైజులో మన వనపర్తి కంటే చిన్నదే. అక్కడి నుంచి దునియాలో అతి మష్హూర్ చర్ఖీ వచ్చింది, పేరు ‘పర్ఫెక్ట్’. పేటెంట్ 1888ది, బజారులోకి 1891లో వచ్చింది. సైకిల్ చక్రంలో తిరిగే ఉక్కు గుళ్ళనే చర్ఖీలో పెట్టారు. తొలి రోజుల పర్ఫెక్ట్ పూర్తి ఇత్తడి. మొహం మీద కర్ర పట్టుకున్న చెయ్యి నిషాన్ ఉంటుంది. తర్వాతివి అల్యూమినియం మిశ్రమంతో, సీసం రంగు పూతతో నల్లగా ఉంటాయి. చేప ఎర విసరడానికి 1896లో సైలెక్స్ అనే ఇంకో రకం తెచ్చారు. మహసీర్ షికారీలు నాలుగు అంగుళాలకు పైబడిన పెద్ద సైజులే వాడేవాళ్ళు, వంద గజాలకు మించిన దారం పట్టాలి కదా.

హార్డీ చర్ఖీని విప్పి లోపలి గోడ మీద చూడండి. ఒకటి రెండు అక్షరాలు గుద్ది ఉంటాయి. జె.ఎస్. అని ఉంటే జిమ్మీ స్మిత్. డబ్ల్యూ.డి. అని గానీ ఉత్త డి అని గానీ ఉంటే వాల్టర్ డింగ్లీ. వీళ్ళు మాలిక్‌లు కాదు. బెంచీ దగ్గర నిలబడి ఆ ఒక్క చర్ఖీని మొదటి నుంచి చివరి దాకా జోడించిన కారీగర్లు. ఏదైనా ఐబ్ వస్తే ఎవరి పనో తెలియాలని కార్ఖానా ఆ అక్షరాలు గుద్దించి ఉండొచ్చు, గర్వంగా వాళ్ళే గుద్దుకుని ఉండొచ్చు, రెండూ కావచ్చు. డింగ్లీ 1910ల మొదట్లో హార్డీని వదిలి అదే ఊర్లో సొంత పని పెట్టుకున్నాడు. అప్పటి నుంచి ఎన్నో దుకాణాలకు చర్ఖీలు చేసి ఇచ్చాడు. పైన దుకాణదారు పేరు మెరుస్తూ ఉంటుంది, లోపల చీకట్లో చిన్న డి ఉంటుంది. ఇవ్వాళ కొనేవాళ్ళు ముందు ఆ డి కోసమే విప్పి చూస్తారు. పైపేరు గల దుకాణాలు ఎన్నో మూతపడ్డాయి.

మన దిక్కు ఎక్కువగా దొరికే అవకాశం ఉన్నవి మాత్రం హార్డీలు కావు, రెడ్డిచ్ సామాను. అది సూదుల ఊరు. సూదిని వంచి ముల్లు తీస్తే గాలం. అట్లా సూదుల కార్ఖానాలే గాలాలు, గాలాల వెంట కర్రలు, చర్ఖీలు చేయడం మొదలుపెట్టాయి. ఆల్‌కాక్ కంపెనీది దుప్పి నిషాన్. మిల్‌వర్డ్ పేరు దర్జీ దుకాణాల్లో సూదుల పాకెట్ మీద చూసినవాళ్ళు ఇంకా ఉంటారు. 1884 నుంచి ఉన్న జె.డబ్ల్యూ. యంగ్ కార్ఖానా తన పేరుతో కొన్ని, ఇతరుల పేర్లతో ఇంకెన్నో చేసింది. సస్తాగా, గట్టిగా ఉండేవి. వేల రూపాయలు పలికే వస్తువులు కావు. చేప పట్టడానికైతే ఇప్పటికీ బేఫికర్‌గా పనికొస్తాయి.

ఉమర్ తేల్చడానికి కొన్ని నిషాన్లు ఉన్నాయి. వజ్రం ఆకారపు ముద్ర ఉంటే ఆ డిజైన్ 1842, 1883 మధ్య రిజిస్టర్ అయినది. 1884 నుంచి వజ్రం పోయి వరుస నెంబర్ వచ్చింది, 1900 నాటికి ఆ నెంబర్లు మూడున్నర లక్షలు దాటాయి. కాబట్టి రెండు లక్షల చిల్లర నెంబర్ కనబడితే 1890ల డిజైన్ అని ఖాయం చేసుకోవచ్చు. చర్ఖీ మాత్రం ఆ తర్వాత ఎప్పుడైనా తయారై ఉండొచ్చు, డిజైన్ తారీఖ్ వేరు, వస్తువు తారీఖ్ వేరు. పి.డి. మాలోక్ అనే పర్త్ ఊరి స్కాట్లండు మనిషి 1884లో పేటెంట్ తీసుకున్న చర్ఖీ ఇంకో వింత. దాని డ్రమ్ము పక్కకు తిరుగుతుంది. విసిరేటప్పుడు అడ్డంగా తిప్పి, చుట్టేటప్పుడు మళ్ళీ నిలువుగా పెడతారు. పాత నూనె గడ్డకట్టి ఆ తిరిగే చోటు బిగుసుకుపోతే, ఎవరో వంచేశారనుకుని సుత్తితో సీదా చేయబోతారు. దయచేసి ఆ పని చేయకండి.

మన ఇలాఖాకే ఖాస్ అయిన గవాహీ ఒకటి ఉంది. అది ఏ ఇంగ్లీషు పుస్తకంలోనూ దొరకదు: డబ్బాలోని కాగితం. చర్ఖీ తోలు డబ్బాలోనో అట్టపెట్టెలోనో ఉండి, అడుగున ఉర్దూ రసీదు మడత పడి ఉంటే దాన్ని చెత్త అనుకోకండి. తారీఖ్ ఫస్లీలో ఉంటుంది. ఫస్లీకి 590 కలిపితే ఈసవీ సంవత్సరం. 1342 ఫస్లీ అంటే 1932 అక్టోబర్‌లో మొదలైన సంవత్సరం. ధర పక్కన హాలీ అని ఉందా, కల్దార్ అని ఉందా చూడండి. హాలీ సిక్కా నిజాంది, కల్దార్ ఇంగ్లీషు రూపాయి. ఇంచుమించు ఏడు హాలీలకు ఆరు కల్దార్లు. కల్దార్లలో రాసి ఉంటే మద్రాసులోనో బొంబాయిలోనో సికిందరాబాద్ ఛావనీలోనో కొన్నట్టు అందాజా వేయొచ్చు. కరోడ్‌గిరి ముద్ర ఉంటే రియాసత్ సరిహద్దు నాకా దాటి మహసూల్ కట్టి వచ్చిన సామాను. వస్తువు ఇంగ్లండుది, కథ మనది. ఆ కథ చదవగల ఉర్దూ మన ఇళ్ళలో ఒక తరం కిందటి దాకా అందరికీ వచ్చు. ఇప్పుడు దాదీని అడగాలి, దాదీ లేకపోతే మస్జిద్ ఇమామ్ సాబ్‌ను అడగాలి.

1948 సెప్టెంబర్ తర్వాత ఎన్ని సందూకులు ఎక్కడికి పోయాయో లెక్క లేదు. 1949లో జాగీర్లు రద్దయ్యాయి, నౌకరీలు పోయాయి, కొందరు కరాచీ పోయారు, కొందరు హైదరాబాద్ పాతబస్తీలో చిన్న గదుల్లోకి మారారు. బంగారం మొదట పోయింది, తర్వాత వెండి, తర్వాత తాంబా పీతల్. షౌక్ వస్తువులను దాచుకునే పరిస్థితి ఎవరికి ఉంది? మిగిలినవి ఎవరూ కొననివి కాబట్టే మిగిలాయి.

గద్వాల వాళ్ళకు ఇంకో ముచ్చట చెప్పాలి. 1905లో ఆల్ఫ్రెడ్ హోల్డెన్ ఇల్లింగ్‌వర్త్ అనే ఆయన కొత్త రకం చర్ఖీకి పేటెంట్ తీసుకున్నాడు. ఊరు బ్రాడ్‌ఫర్డ్, ఖాందాన్ ఉన్ని మిల్లులది. అప్పటిదాకా చర్ఖీలన్నిటిలో దారం పోవాలంటే డ్రమ్ము తిరగాలి. తేలికైన ఎర విసిరితే బరువైన డ్రమ్మును తిప్పే బలం దానికి ఉండదు. ఇల్లింగ్‌వర్త్ డ్రమ్మును కదలకుండా నిలబెట్టి, దారాన్ని దాని కొన మీద నుంచి జారేట్టు చేశాడు. మిల్లులో బాబిన్ నుంచి నూలు జారడం ఆయన ఇంట్లో రోజూ చూసేదే. మనకూ అంతే కదా. గద్వాల మగ్గం మీద నాడెలో కండె తిరగదు, నాడె అటూ ఇటూ పరుగెత్తుతుంటే కండె కొన మీద నుంచి పేట జారుతూ వస్తుంది. నూలు చీరకు పట్టు అంచు కలిపే నేతగాడి పిల్లవాడికి ఆ సూత్రం ఎవరూ చెప్పక్కర్లేదు. ఇవ్వాళ బజారులో దొరికే ప్లాస్టిక్ చైనా చర్ఖీ దాకా అందరూ వాడేది ఆ కండె సూత్రమే. పేటెంట్ తీసుకునే దఫ్తర్ బ్రాడ్‌ఫర్డ్ మనిషికి దగ్గర, గద్వాల మనిషికి దూరం.

మరమ్మత్‌కు ఎవరి దగ్గరికి పోవాలి? ఘడీసాజ్ దగ్గరికి. ఇది నేను జుగాడ్‌గా చెప్పడం లేదు, చర్ఖీ తారీఖే అట్లా ఉంది. అమెరికాలో మేలు రకం చర్ఖీలకు పునాది వేసిన జార్జ్ స్నైడర్ కెంటకీలో ఘడీసాజ్, వెండి పనివాడు. స్వీడన్‌లో ఆబూ కంపెనీ 1921లో గడియారాల కార్ఖానాగా మొదలై తర్వాత చర్ఖీల్లోకి వచ్చింది. ఫ్రాన్స్‌లో మిచెల్ చర్ఖీ పుట్టింది గడియారపు పుర్జాల ఊరైన క్లూజ్‌లో. పళ్ళ చక్రం, ఖట్కా, స్ప్రింగ్, పివట్, ఇంతే గడియారం. చర్ఖీ కూడా ఇంతే, కొంచెం మోటు. మొబైల్ ఫోన్లు వచ్చి గిరాకీ పోయిన మన బజారుల్లో చిన్న అద్దాల డబ్బా ముందు కంటికి భూతద్దం పెట్టుకుని కూర్చున్న ఉస్తాదులు ఇంకా ఒకరిద్దరు ఉంటారు. వాళ్ళు ఉండగానే ఈ పని చేయించుకోవాలి.

విప్పే ముందు తెల్ల గుడ్డ పరచండి, ఎగిరిన స్ప్రింగు, జారిన ఉక్కు గుండు దాని మీద కనబడతాయి. ప్రతి అడుగులో ఫోన్‌తో తస్వీరు తీయండి. పాత పేచ్‌ల గాడి సన్నగా ఉంటుంది. దానికి సరిగ్గా పట్టే స్క్రూడ్రైవర్‌తోనే తిప్పాలి, లేకుంటే తల చెడుతుంది. కదలకపోతే నూనె చుక్క వేసి ఒక రాత్రి సబర్ చేయాలి. అయినా కదలకపోతే ఇంకో రాత్రి. ఆ పేచ్‌ల మరలు ఈనాటి మిల్లీమీటర్ లెక్కవి కావు. కొత్త పేచ్‌ను జబర్దస్తీగా తిప్పితే రంధ్రం మరలు చెడిపోతాయి, అది మళ్ళీ బాగయ్యే నష్టం కాదు. లోపలి పాత నూనె వార్నిష్‌లా గట్టిపడి ఉంటుంది. గాసునూనెలో నానబెట్టి మెత్తని బ్రష్‌తో కడిగితే ఖరాబైందనుకున్న చర్ఖీల్లో సగం అక్కడే బాగవుతాయి. నల్లని పలకలు ఎబొనైట్‌వైతే, అంటే మన రాజమండ్రి రత్నం పెన్నుల పదార్థమే, వేడి నీళ్ళు తగలనివ్వద్దు, ఎండలో పెట్టద్దు. గోధుమ రంగుకు తిరుగుతుంది.

ఎక్కువగా అరిగేది ఖట్కా. డ్రమ్ము వెనక పళ్ళ చక్రం ఉంటుంది, దాని పళ్ళలో పడే చిన్న ఉక్కు నాలుక ఉంటుంది, నాలుకను నొక్కి పట్టే స్ప్రింగ్ ఉంటుంది. చేప లాగినప్పుడు కిర్రుమనే అవాజ్ దానిదే. అవాజ్ కోసమే కాదు, డ్రమ్ము అదుపు తప్పి తిరిగి దారం చిక్కుపడకుండా ఆపేది కూడా అదే. నాలుక కొన అరిగితే, రెండు వైపులూ ఒకేలా ఉన్న రకమైతే తిరగేసి పెడితే చాలు. పూర్తిగా పోతే కొత్తది చేయాలి. పాత నాలుకను నమూనాగా పెట్టి ఉక్కు ముక్క కోసి, సన్నని ఆకురాయితో కొన తీసి, ఎర్రగా కాల్చి నూనెలో ముంచాలి. అప్పుడది గాజులా పెళుసు. మళ్ళీ మెల్లగా వేడి చేస్తే మెరుగు పెట్టిన ఉక్కు మీద ఎండుగడ్డి రంగు వస్తుంది, అక్కడ ఆపాలి. నీలం రంగు దాకా పోతే మెత్తబడిపోతుంది. ఈ రంగుల లెక్క మన పాత ఉస్తాదుల కళ్ళలో ఉంది, థర్మామీటర్‌లో కాదు. స్ప్రింగ్‌కు విరిగిన అలారం గడియారపు కమాన్ ముక్క సరిపోతుంది. ఇరుసు వంగితే మాత్రం లేత్ కావాలి. వనపర్తి రాజమహల్‌లో ఇప్పుడు పాలిటెక్నిక్ నడుస్తోంది, ఆ ఊర్లో లేత్ పని తెలిసిన చేతులకు కరువు లేదు. బిగించేటప్పుడు కుట్టు మిషన్ నూనె ఒక్క చుక్క. కొబ్బరినూనె వద్దు, చలికాలం గడ్డకడుతుంది.

ఇత్తడిని తోమి తళతళలాడించాలని చాలామందికి జీ చేస్తుంది. పండుగకు దేగ్ తోమినట్టు దీన్ని తోమకండి. ఆ నల్లని గోధుమ రంగు పైపూతలో కొంత కార్ఖానా పెట్టింది, కొంత వాడినవాళ్ళ చేతుల చెమట పెట్టింది. నల్ల హార్డీని తోమితే వెండిలా మెరుస్తుంది, ధర సగానికి పడుతుంది, వెనక్కి తేలేం. పాదాన్ని కర్రకు పట్టేట్టు ఆకురాయితో అరగదీసిన చర్ఖీలు కనిపిస్తాయి. అది పాత వాడకపు నిషాన్, ఉండనివ్వండి.

అమ్మే ముందు రెండు మాటలు. మన దీన్‌లో సౌదాకు షర్త్ ఉంది, ఐబ్ దాచకూడదు. ఖట్కా కొత్తదైతే కొత్తది అని చెప్పాలి. పేరు చెరిగిపోతే కొత్తగా గుద్దించకూడదు, నకిలీ ముద్రలు వేసి అమ్మేవాళ్ళు ఉన్నారు కాబట్టే ఈ మాట. రెండోది విరాసత్. దాదా వదిలిపోయిన చర్ఖీ ఎవరి చేతికి దొరికితే వాళ్ళది కాదు, అది తర్కా. ఇల్లు, పొలం పంచుకునేటప్పుడు సందూకులోని సామాను లెక్కలోకి రాదనుకుంటాం. ఇత్తడి ధరకు పోయేదైతే ఎవరూ అడగరు. మంచి హార్డీ అయి వేల రూపాయలు వస్తే అందులో ఫూఫీల హిస్సా ఉంది. అమ్మకముందే వాళ్ళకు ఫోన్ చేయడం మేలు. వాళ్ళలో ఒకరికి ఆ చర్ఖీ ఎవరిదో, ఏ ఒడ్డున వాడారో యాదుండవచ్చు కూడా.

ఆ ఒడ్డులు ఇప్పుడు లేవు. 1980లలో శ్రీశైలం జలాశయం నిండింది, సోమశిల దిక్కు రాళ్ళ మధ్య దూకే కృష్ణ నిలువ నీరైంది. 1990లలో జూరాల వచ్చింది. నిలువ నీటిలో బొచ్చె పెరుగుతుంది, రవ్వు పెరుగుతుంది. జూరాల ఆనకట్ట దగ్గర వేయించిన చేప కోసం ఇతవారం జనం బండ్లు కట్టుకుని వస్తున్నారు, నేనూ పోతాను. మహసీర్‌కు మాత్రం పరుగెత్తే నీరు కావాలి. వంద గజాల దారం లాక్కుపోయే చేప కోసం చేసిన పెద్ద చర్ఖీకి ఇక్కడ పని తగ్గింది.

మరమ్మత్ అయ్యాక ఉస్తాద్‌కు మజూరీ ఇచ్చేటప్పుడు ఒక కోరిక కోరండి. గడియారాలు బాగుచేసేవాళ్ళు వెనక మూత లోపల సూదిమొనతో తమ గుర్తు, తారీఖ్ గీకడం పాత రివాజ్. ఏ పాత జేబు గడియారం మూత తెరిచినా అట్లాంటి గీతలు ఒకటి రెండు కనిపిస్తాయి. చర్ఖీ లోపలి గోడ మీద, కార్ఖానా అక్షరాలకు తగలకుండా పక్కన ఖాళీ చోటు ఉంటుంది. అక్కడ తన పేరులో మొదటి హర్ఫ్ ఉర్దూలోనో తెలుగులోనో గీకి, కింద ఊరి పేరు, సంవత్సరం వేయమనండి. నాకెందుకు సాబ్ అంటారు. ఇంకోసారి అడగండి.